దొరల సంతలో పోయిన బోణీ

మొన్న రంజాన్ నెల చివరి వారంలో మా మనవరాలు నన్ను కర్నూలు బజారులో కొత్తగా తెరిచిన గాజుల దుకాణానికి లాక్కుపోయింది. లాక్కుపోవడమే మరి, మోకాళ్ళు మొరాయిస్తున్నాయని నేనెంత మొత్తుకున్నా వినలేదు. కానీ గడప దాటి లోపల అడుగు పెట్టగానే నా మోకాళ్ళ సంగతి నాకే గుర్తు లేకుండా పోయింది. నేల నుంచి పైకప్పు దాకా గాజులే! ఎరుపు, ఆకుపచ్చ, నెమలికంఠం రంగు, నేరేడుపండు రంగు, వాటి మీద పడి మెరిసే దీపాలు. బతుకంతా గాజులమ్మిన దాన్నే అయినా అంత గాజు ఒక్కచోట నేనెన్నడూ చూసి ఎరగను. తిరనాళ్ళలో తప్పిపోయిన పిల్లలా అటూ ఇటూ తిరుగుతుంటే, అక్కడ పనిచేసే అమ్మాయి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, ఆ కవరు మీదుగా గాజుల్ని జర్రున ఎక్కించి, కవరు లాగేసింది. నొప్పీ లేదు, గీతా పడలేదు. ఆమె వేలు నా చేతికి తగలనూ లేదు. చుట్టూ ఉన్నవాళ్ళు భలే ఉపాయమే అని మెచ్చుకుంటుంటే, నాకు మాత్రం పట్టరాని నవ్వొచ్చింది. ఈ కవరే గనక మా రోజుల్లో ఉండి ఉంటే దొరల సంతలో అంత రభస జరిగేదే కాదు కదా అనిపించి, ఆ నవ్వు ఇంటికొచ్చినా ఆగలేదు.

ఆ రభస చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మేము ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే సాయిబులం. నా పుట్టిల్లు కడప జిల్లాలో, గండికోటకు బండి దారిలో ఉన్న ఒక చిన్న పల్లె. మా నాన్న దర్జీ పని చేసేవాడు, నాలుగక్షరాలు నాకు నేర్పింది ఆయనే. పెళ్ళయి కర్నూలు వచ్చాక ఆ అక్షరాలు మరిచిపోకుండా కాపాడింది మాత్రం గాజుల పెట్టెలే అని చెప్పాలి, ఎందుకంటే రైల్లో వచ్చే ఆ పెట్టెల్లో గాజులకు చుట్టి పంపే పాత పత్రికల కాగితాలు ఒక్కటి కూడా వదలకుండా చదివేదాన్ని. ఏ ఊళ్ళో ఏం జరిగిందో నాకు తెలిసేసరికి ఆరు నెలలు గడిచిపోయేవి, అది వేరే సంగతి.

మా అత్తగారిల్లు గాజుల ఇల్లు. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. మా ఆయన, మరిది పెట్టెలు తెచ్చి, లెక్కలు చూసుకునేవాళ్ళు గానీ, ఆడవాళ్ళ చేతులు పట్టుకునే పని మాత్రం ఇంటి ఆడవాళ్ళదే. మా అత్త ఆ పనిలో అందెవేసిన చెయ్యి. మనిషి ఎత్తరి, గొంతు అంతకన్నా ఎత్తు. గాజుల మలారం, అంటే సరాలుగా గుచ్చిన గాజుల కట్ట, భుజాన వేసుకుని ఆమె సంతలోకి అడుగు పెడితే అప్పటిదాకా ఉల్లిగడ్డలు బేరమాడుతున్న ఆడవాళ్ళు సగం మంది అటు తిరిగేవాళ్ళు. చెయ్యి చేతిలోకి తీసుకున్న క్షణం నుంచి ఆమె నోరు ఆగేది కాదు. మీ కోడలు నీళ్ళోసుకుందా, మీ ఎనుము ఈనిందా అని అడుగుతూ అడుగుతూ బొటనవేలి మొదలూ చిటికెనవేలి కణుపూ దగ్గరికి నొక్కేసి, అవతలి మనిషి జవాబు చెప్పేలోపల గాజు మణికట్టు దాటించేది. మాటల్లో నొప్పి మరిచిపోవాలి, అదీ మా పనిలోని కిటుకు.

మా ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. కొత్తగా వచ్చిన కోడలు మొదటి ఏడాది బయటివాళ్ళ చెయ్యి పట్టుకోకూడదు. మలారాలు గుచ్చాలి, మోయాలి, ఇంట్లోవాళ్ళ చేతుల మీద నేర్చుకోవాలి. ఇంటి చేతులు లెక్కలోకి రావు. ఆ తర్వాత ఒక మంచి రోజు చూసి, అత్త తన పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి బయటి చెయ్యి పట్టిస్తుంది. అది బోణీ చెయ్యి. ఆ చెయ్యి నిండా గాజులు ఎక్కితే కోడలి హస్తవాసి మంచిదైనట్టు. గాజు పడకుండా బోసిగా వెళ్ళిపోతే మాత్రం ఆ కోడలు చెయ్యి వ్యాపారానికి పనికిరాదని ముద్ర పడిపోతుంది. ఇది ఉత్త మాట కాదనడానికి మా ఇంట్లోనే సాక్ష్యం ఉండేది: మా చిన్నత్త, అంటే మా చినమామగారి భార్య. ఆమె బోణీ రోజున చెయ్యి ఇచ్చిన పెళ్ళికూతురు భయంతో చెయ్యి లాక్కుని పరిగెత్తిందట. అంతే, ఆ తర్వాత ఏ సంతకూ ఆమెను తీసుకుపోలేదు. ఇంటి వెనక వసారాలో కూర్చుని మలారాలు గుచ్చడంతోనే ఆమె తల నెరిసింది. నేను ఆమె పక్కన కూర్చుని గాజులు గుచ్చుతున్నప్పుడల్లా, దేవుడా, నా బోణీ చెయ్యి గట్టి చెయ్యి కావాలి అని మొక్కుకునేదాన్ని.

పెద్ద యుద్ధం జరుగుతున్న రోజులవి. కిరసనాయిలు దొరకదు, అగ్గిపెట్టె దొరకదు, ఒక్కోసారి గాజుల పెట్టెలు కూడా నెలల తరబడి వచ్చేవి కావు. అట్లాంటప్పుడు ఒక రోజు ఊళ్ళో టముకు వేశారు. యుద్ధ నిధి కోసం దొరల క్లబ్బు మైదానంలో సంత పెడుతున్నారు, పేరున్న వర్తకులంతా తమ తమ సరుకులు తెచ్చుకుని కూర్చోవచ్చు, ఇత్తడి సామాను, కంబళ్ళు, కొయ్యబొమ్మలు, గాజులు ప్రత్యేకంగా రమ్మన్నారు అని. గాజులు! టముకువాడి నోట ఆ మాట విన్నప్పుడు మా వీధి వీధంతా మా గుమ్మం ముందుకొచ్చేసింది. దొరసానులు మన గాజులు వేసుకుంటారంట అని ఒకటే సంబరం. మా అత్త వెంటనే నిర్ణయించేసింది. నా ఏడాది నిండి అప్పటికి కొన్నాళ్ళయింది. నా బోణీ చెయ్యి దొరల సంతలోనే.

నాకు ఆ వారం నిద్ర ఉంటే ఒట్టు. మాకు చేతనైనంత సింగారం చేశాం. పెట్టె అడుగున దాచిన మంచి సరుకంతా బయటికి తీశాం. చిన్నత్త ఒక్కొక్క గాజూ గుడ్డతో తుడిచి, వెలుతురుకు పట్టి చూసి, గీత ఉన్నది పక్కన పడేసి, రంగు రంగు కలిపి మలారాలు గుచ్చింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్ళు నిమిరి వదిలేసింది. నేను పెళ్ళినాటి చీర కట్టుకున్నాను. జట్కాలో కూర్చుని తుంగభద్ర గాలి మొహానికి కొడుతుంటే, ఊళ్ళో నాకంటే అదృష్టవంతురాలు లేదని గట్టిగా నమ్మేశాను. పదిహేడేళ్ళ పిల్లకు నమ్మడానికి ఎంతసేపు పడుతుంది!

క్లబ్బు లోపలికి వెళ్ళగానే సగం సంబరం అక్కడే కరిగింది. మైదానం మధ్యలో తెల్లటి షామియానా, దాని కింద బల్లలు, బల్లల మీద దొరసానులు స్వయంగా చేసిన రొట్టెలు, కుట్టుపనులు, వాళ్ళకు వాళ్ళే అమ్మేవాళ్ళు, వాళ్ళకు వాళ్ళే కొనేవాళ్ళు. ఆ షామియానా చుట్టూ కట్టెలు పాతి ఒక తాడు కట్టారు. తాడుకు ఇవతల, ముళ్ళకంచె వారగా, నీడ లేని ఎండలో మా చోటు. అక్కడి బట్లరు తెల్ల తలపాగా పెట్టుకుని మా ముందు అటూ ఇటూ తిరుగుతూ కట్టుబాట్లు చెప్పుకొచ్చాడు. మేం తాడు దాటకూడదు. పిలిస్తే తప్ప మాట్లాడకూడదు. షామియానా పక్కనున్న కుండలో నీళ్ళు మాకు కాదు, మాకు వేరే తొట్టి గేటు బయట ఉంది. సరుకు పళ్ళెంలో పెట్టి చూపాలి, వాళ్ళు తీసుకుంటారు, మా చెయ్యి వాళ్ళకు తగలకూడదు. ఇత్తడి సామాను శెట్టి ఊళ్ళో ఎంత గౌరవం గల మనిషో మీకు చెప్పలేను, ఆయన కూడా ఆ మాటలకు తలూపుకుంటూ ఎండలో గోనెసంచి మీద కూర్చున్నాడు. కంబళ్ళవాడు మాత్రం, “ఎండలో కంబళ్ళెవురు కొంటారప్పా, మమ్మల్ని చూసేదానికి పిలిచినారా, కొనేదానికి పిలిచినారా?” అని అడిగేశాడు. బట్లరు వినిపించుకోలేదు.

వాళ్ళు కొనడానికి పిలవలేదని మాకు కాసేపట్లోనే అర్థమైంది. హిందూదేశపు సంత ఎట్లా ఉంటుందో అతిథులకు చూపించడానికి మమ్మల్ని ఆ కంచె వారగా వరసగా పేర్చారు. వాళ్ళు గొడుగులు వేసుకుని తాడు అవతల నడుస్తూ మా వైపు చూపించి నవ్వుకునేవాళ్ళు. ఒక పెద్ద దొరసాని కొయ్యబొమ్మ ఒకటి కొని, రుమాలుతో పట్టుకుని, రుమాలుతోనే తుడిచి ఆయాకిచ్చింది. మా అత్త పళ్ళెంలో గాజులు పేర్చి కూర్చుంది. ఆమె నోరు మూసుకుని కూర్చోవడం నేను చూసింది ఆ రోజే. నాకు మాత్రం ఆశ చావలేదు. ఎక్కడో ఒక చెయ్యి నా కోసం వస్తుందని వచ్చేపోయే ప్రతి తెల్లటి మణికట్టునూ కొలుస్తూ కూర్చున్నాను.

వచ్చింది. కాలువల ఇంజనీరు దొర భార్యట, నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది, మొహమంతా ఎండకు ఎర్రబడి, కళ్ళలో మాత్రం మంచి కుతూహలం. మా పళ్ళెం ముందు ఆగి, ఆకుపచ్చ గాజులు చూసి ఏదో అని, తాడు మీదుగా చెయ్యి చాచింది. గాజు తీసుకోవడానికే చాచిందని ఇప్పుడు తెలుసు. కానీ ఏడాది పాటు పొద్దున లేచిన దగ్గర్నుంచి గాజుల ముందుకు చెయ్యి వస్తే పట్టుకోవడమే పనిగా నేర్చుకున్న దాన్ని నేను! నా రెండు చేతులూ నన్నడగకుండానే లేచి ఆ చెయ్యి అందుకున్నాయి. కణుపులు నొక్కాను. మెత్తటి చెయ్యి, వేళ్ళు సన్నం, ఏ కొలత సరిపోతుందో కూడా తెలిసిపోయింది. అలవాటుగా నోరు కూడా తెరిచి, “ఏమ్మా, ఎంతమంది పిల్లలు?” అని తెలుగులోనే అడిగేశాను.

ఆమె నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కుంది. కేక పెట్టింది. పక్కనున్న పెద్ద దొరసాని ఆమెను వెనక్కు లాగి, రుమాలు తీసి ఆ చెయ్యి తుడవడం మొదలుపెట్టింది. ఎంతసేపు తుడిచిందో! నా చేతులకేమన్నా బురద అంటిందా? నా చేతులు అట్లాగే గాల్లో ఉండిపోయాయి. బట్లరు పరిగెత్తుకొచ్చి, నల్ల చేతులతో దొరసానిని పట్టుకుంటారా, మీకు మంచీ మర్యాదా లేదా అని రంకెలు వేస్తూ పళ్ళెం ఎత్తి మా మీదికి విసిరాడు. వాడి చెయ్యి నా చేతికన్నా నలుపే, ఆ మాట నాకు ఇంటికి వెళ్ళాక గానీ తట్టలేదు. మూటా ముల్లె సర్దుకుని వెంటనే బయటికి పొమ్మన్నారు. శెట్టి మొహం తిప్పుకున్నాడు. నాకు వాళ్ళ తిట్లు చెవిన పడుతున్నా, గుండెలో కొట్టుకున్నది వేరే మాట. నా బోణీ చెయ్యి బోసిగా పోయింది. ఇక నా బతుకు చిన్నత్త పక్కన వసారాలోనే.

గేటు బయట జనం కిటకిటలాడుతున్నారు. టముకు విని ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చారు గానీ, లోపలికి పిలుపున్నవాళ్ళనే రానిస్తామన్నారట, అందుకని చింతచెట్టు కింద గుంపుగా నిలబడి కంచెలోంచి తొంగి చూస్తున్నారు. మా అత్త ఆ గుంపును చూసింది, గేటును చూసింది, నన్ను చూసింది. నేను చేతులు కొంగులో దాచుకుని ఏడుస్తున్నాను. ఆమె చింతచెట్టు నీడన చాప పరిచి, మలారాలు విప్పి, నన్ను పక్కన కూర్చోమంది. నా చెయ్యి పనికిరాదు అత్తా, పోయింది అన్నాను.

“గమ్మునుండు మే. చాచిన చెయ్యి వేరే, ఇచ్చిన చెయ్యి వేరే. అది గాజు కోసం చాచిన చెయ్యి. నీకి ఎవురు ఇచ్చినారు? ఇచ్చినాక పట్టుకుంటేనే బోణీ. ఈడ కూచోని చూడు, ఎవురిస్తారో.”

మొదట ఎవరూ రాలేదు. దొరలు వెళ్ళగొట్టిన గాజులవాళ్ళ దగ్గర కొంటే ఏమవుతుందోనని వెనకా ముందూ ఆడుతున్నారు. అప్పుడే గేటు పక్క సందులోంచి ఒక పెద్దావిడ బయటికొచ్చింది. క్లబ్బు ఊడ్చే ఆమె, ఊరి చివర మాదిగవాడ నుంచి రోజూ వచ్చేది. గంపా చీపురూ పక్కన పెట్టి, అలవాటు ప్రకారం మాకు నాలుగు మూరల దూరంలో ఆగి, కొంగు నేల మీద పరిచింది. అప్పట్లో అదే పద్ధతి. ఆ వాడ ఆడవాళ్ళకు ఎవరూ చేత్తో గాజులు తొడిగేవాళ్ళు కాదు. కొంగులో వేస్తే తీసుకుపోయి తామే తంటాలు పడి తొడుక్కునేవాళ్ళు. మా ఇల్లు కూడా అట్లాగే చేసేది. వాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టు తెలిస్తే పెద్దిళ్ళ ఆడవాళ్ళు మాకు చెయ్యి ఇవ్వరు, గడప తొక్కనివ్వరు. ఆ పెద్దిళ్ళ ఆడవాళ్ళే ఇప్పుడు చింతచెట్టు చుట్టూ నిలబడి ఉన్నారు.

మా అత్త ఆ పరిచిన కొంగు వైపు చాలాసేపు చూసింది. తర్వాత చాప మీద చెయ్యి తట్టి, “దూరమెందుకమ్మా, ఇట్ల రా. మా కోడలికి నీ చెయ్యియ్యి,” అంది.

ఆ పెద్దావిడ నమ్మలేదు. “వద్దు తల్లీ, నలుగురూ చూస్తాండారు. నా చెయ్యి పట్టుకుంటే మీ యాపారం పోతాది,” అంది. ఆమె భయం ఆమె కోసం కాదు, మా కోసం. లోపల ఆ రుమాలు తుడుపు చూసి వచ్చిన మా అత్తకు ఆ మాట ఎక్కడ తగిలిందో గానీ, గుంపంతా వినేటట్టు గొంతెత్తింది. “లోపల తెల్లోళ్ళు మా చెయ్యి తగిలిందని రుమాల్తో తుడుచుకున్న్యారు. నేను బయటికొచ్చి నీకి అదే పని చేస్తే, వాళ్ళు చేసింది సరే అని ఒప్పుకున్నట్టేనమ్మా. పోతే పోనీ యాపారం. కూచో.”

ఆమె వచ్చి చాప అంచున కూర్చుంది. చెయ్యి ముందుకు చాపలేదు, నా ఒడిలో పెట్టింది. అంతే, అదే తేడా! నేను పట్టుకున్నాను. ఎంత గట్టి చెయ్యో అది. ఊడ్చి ఊడ్చి అరచెయ్యి కాయలు కాసి, కణుపులు లావెక్కి, ఏ గాజూ దాటేటట్టు లేదు. గాజు పగిలిందంటే ఇక నా పని అయిపోయినట్టే. అత్త నా వైపు చూడకుండా మలారం విప్పుతోంది. నేను మాటలు మొదలుపెట్టాను. ఏ ఊరు అమ్మా మీది, పిల్లలెంతమంది, ఎవరెవరున్నారు అని అడుగుతూ పోయాను. కోసిగి అవతలి నుంచి కరువులో వలస వచ్చినామమ్మా అని ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది, కరువు మాటలో ఒకసారి, కొడుకు మాటలో ఒకసారి, కూతురి కాన్పు మాటలో ఒకసారి గాజు కణుపు దాటేసింది. ఒక్కటి పగల్లేదు! రెండు చేతుల నిండా ఆకుపచ్చ గాజులు ఎక్కించి, మీదికి కొసరు గాజు కూడా వేశాక, ఆమె చేతులు రెండూ మొహం ముందు పెట్టుకుని తిప్పి తిప్పి చూసుకుంటూ ఉండిపోయింది. ఇంతకాలానికి ఒకరి చేత తొడిగించుకున్న్యానమ్మా అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి, ఆమె చెయ్యి వదలబుద్ధి కాలేదు.

గుంపులోంచి కొందరు చరచరా వెళ్ళిపోయారు, అది మాకు కనపడుతూనే ఉంది. ఒక పెద్దింటి ముసలమ్మ పోతూ పోతూ మా అత్తకు మతి పోయిందని కూడా అనింది. కానీ ఆ వెళ్ళిపోయినవాళ్ళ మధ్యలోంచి తోసుకుంటూ కంబళ్ళవాడి భార్య ముందుకొచ్చి చాప మీద చతికిలబడి, “నాకీ ఆ పచ్చవే తొడుగు పాపా, అత్తా కోడళ్ళ పంతం చూస్తే భలే ఉండాది,” అని చెయ్యిచ్చింది. ఆ తర్వాత ఇంకేముంది! ఒకరి మీద ఒకరు పడి వచ్చేశారు. ఒక పిల్లకు తొడుగుతుంటే ఇంకో పిల్ల చెయ్యి నా భుజం మీదుగా వచ్చేది. అత్త ఒకవైపు, నేను ఒకవైపు, ఇద్దరికీ ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేదు. కాసేపటికి కంబళ్ళవాడు లోపల్నుంచి తన మూట ఎత్తుకుని బయటికొచ్చాడు. వాడి వెనకాల బొమ్మలవాడు, వాడి వెనకాల పుచ్చకాయల ముసలాయన. చివరికి ఇత్తడి శెట్టి కూడా ఎండ పేరు చెప్పుకుంటూ వచ్చి చింతచెట్టు అవతలి పక్కన బిందెలు పేర్చాడు. పుచ్చకాయలు కోస్తున్నారు, బిందెలు మోగుతున్నాయి, పిల్లలు ఈలలు వేస్తున్నారు, తిరనాళ్ళ మాదిరి అయిపోయింది రోడ్డు. లోపల షామియానా కింద బాజాలు మోగుతూనే ఉన్నాయి గానీ, కంచె వార మాత్రం ఖాళీ గోనెసంచులు మిగిలాయి.

అంత సందడిలో ఆ కాలువ దొరసాని ఆయా వచ్చింది. కిరస్తానీ ఆమె, మన తెలుగు మనిషే. చేతిలో చిన్న దారం ముక్క, అమ్మగారి చేతి కొలత, ఈ దారానికి సరిపోయే పచ్చ గాజులు ఇయ్యమన్నారు అంది. చెయ్యి తుడుచుకున్నా గాజుల మీద మనసు మాత్రం పోలేదన్నమాట! మా అత్త ఆ దారాన్ని చూసి, “మేము గాజులు చేతికి తొడుగుతాం గానీ, దారానికి తొడగం తల్లీ. చెయ్యిని రమ్మను,” అంది. ఉత్త చేతులతో పోతే నన్ను తిడతారక్కా అని ఆయా బతిమాలింది. అయితే నీ చెయ్యి ఇటియ్యి అని అత్త ఆమె చెయ్యి లాక్కుని, ఆమె తేరుకునేలోపల నిండా గాజులు ఎక్కించేసింది. అక్కడికి పోయి తీసి ఇచ్చేస్తాలే అని ఆయా సర్దుకోబోతే, మేం తొడిగిన గాజు తీసి ఇంకొకరికి ఇయ్యకూడదు, తెలుసు కదా అని కళ్ళురిమింది. ఆయా నవ్వాపుకుంటూ, దొరసాని దుడ్లు మా చాప మీద పెట్టి, దొరసాని గాజులు తానే వేసుకుని, చేతులు గలగలలాడించుకుంటూ లోపలికి పోయింది. లోపల ఏం జరిగిందో మాకు తెలియదు. ఆ తర్వాత కూడా ఆమె ఏటేటా మా దగ్గరికే వచ్చేది కాబట్టి, పని పోలేదని మాత్రం తెలుసు.

పొద్దు వాలాక మలారాలు ఖాళీ అయ్యి, భుజం తేలికై, జట్కా కూడా ఎక్కకుండా మాట్లాడుకుంటూ నడిచి ఇంటికొచ్చాం. చిన్నత్త గుమ్మంలోనే నిలబడి ఉంది. నా మొహం చూసి, అడగాలో వద్దో తెలియక అట్లాగే చూస్తోంది. మా అత్త నేరుగా ఆమె దగ్గరికి పోయి, “సోమవారం సంతకి నువ్వూ రావాలమ్మీ. ఇన్నేండ్లూ ఊరికే కూచోబెట్టినాము నిన్ను. పీక్కున్న చెయ్యి బోణీ కాదు, నాకి ఈ పొద్దు తెలిసినాది,” అంది. చిన్నత్త చేతిలో ఉన్న దారపు ఉండ కింద పడిపోయి వసారా దాకా దొర్లింది. ఆమె దాన్ని తీసుకోలేదు. చేతులు రెండూ తన కళ్ళకు అడ్డం పెట్టుకుని అక్కడే కూలబడిపోయింది. సోమవారం సంతలో, నెరిసిన తలతో, ఒక చిన్న పిల్ల చెయ్యి పట్టుకుని ఆమె చెప్పిన కబుర్లకు అంతు లేదు. అన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో ఆ మాటలన్నీ!

మా యాపారం పోతుందన్న ఆ పెద్దావిడ మాట కొంతవరకు నిజమే అయింది. కొన్ని పెద్దిళ్ళు మాకు తలుపులు మూశాయి. పెళ్ళిళ్ళ కాలం వచ్చాక కొన్ని తెరిచాయి, కొన్ని ఎప్పటికీ తెరవలేదు. మా ఆయన మొదట్లో సణిగాడు గానీ మా అత్త ముందు సణుగుడు ఎంతసేపు నిలుస్తుంది? దొరలు వెళ్ళిపోయిన ఏడాది ఆ క్లబ్బు గేటు బార్లా తెరిచి పెట్టారు, నేను ఊరికే లోపలికి పోయి తాడు కట్టిన చోట కాసేపు నిలబడి వచ్చాను. అక్కడేమీ లేదు, ఎండిన గడ్డి తప్ప. మా వాడల మధ్య కట్టిన తాళ్ళు మాత్రం దొరలతో పోలేదు. అవి తెగడానికి ఇంకా ఎన్నేళ్ళు పట్టిందో, కొన్ని ఇంకా ఉన్నాయో, మీకు తెలుసు.

ఆ ఊడ్చే ఆమెను నేను ఆ రోజు నుంచి పెద్దమ్మా అనే పిలిచాను. బతికినన్నాళ్ళూ ప్రతి ఉగాది పొద్దున్నే, వేరే ఎవరూ రాకముందే, మా గుమ్మంలోకి వచ్చి చాప మీద కూర్చుని, చెయ్యి నా ఒడిలో పెట్టేది. నీ బోణీ నేనే చెయ్యాల పాపా అనేది. ఆ చెయ్యి ఏటేటికీ బరువు తగ్గుతూ, కణుపులు వదులవుతూ, చివరి ఉగాదికి నేను నొక్కకుండానే గాజులు వాటంతట అవే జారిపోయాయి. ఆ గాజులతోనే పోయింది ఆమె.

ఇప్పుడు గాజుల దుకాణానికి ఎవరైనా పోవచ్చు. తాడు లేదు, కంచె లేదు, ఎండ లేదు, ఏ వాడ మనిషైనా అదే కుర్చీలో కూర్చుంటుంది. ఇంత మంచి రోజు వస్తుందని మా అత్త కలలో కూడా అనుకుని ఉండదు, చూసి ఉంటే ఆనందంతో దుకాణం ఎగిరిపోయేటట్టు అరిచేది. అయినా ఆ రోజు ఆ కవరు నా చేతికి ఎక్కినప్పుడు నాకేదో వెలితిగా తోచి, ఇంకో చేతికి కవరు వద్దు తల్లీ, నీ చేత్తోనే తొడుగు అన్నాను. ఆ అమ్మాయి తికమకపడి, ఎట్లా పట్టుకోవాలో తెలియక, నా వేళ్ళ కొసలు మాత్రం పట్టుకుంది. చల్లటి వేళ్ళు, మెత్తటివి. ఇదిగో, ఇక్కడ, ఇట్లా నొక్కాలి అని ఆమె బొటనవేలిని నా కణుపు మీద నేనే పెట్టి, మీ ఊరేది, ఇంట్లో ఎవరెవరున్నారు అని అడిగాను. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వెనక వరసలో వాళ్ళు తొందరపడుతుంటే మాట మధ్యలోనే ఆపేసి, ఉన్న గాజులు గబగబా ఎక్కించి, కవరు తీసుకుని వాళ్ళ వైపు తిరిగింది. ఆమె ఊరేదో తెలిసింది గానీ, ఇంట్లో ఎవరున్నారో తెలియకుండానే వచ్చేశాను.